పిల్లల రుమటాలజీ క్లినిక్: కుటుంబ చరిత్రకి ఐదు స్టార్లు, వెయిటింగ్‌కి రెండు

మా పాపకి మోకాలి వాపు ఎంతకీ తగ్గకపోతే, ముందు చూపించిన చోట రక్తపరీక్షలు చేసి ‘జేఐఏ, ఒలిగో రకం’ అని రాసిచ్చారు, అంటే పిల్లలకొచ్చే కీళ్లవాతం, కొద్ది కీళ్లకే వచ్చే రకం. ఇంట్లో ఎవరికి ఏ జబ్బుందని ఒక్క మాట అడగలేదు. ఈ క్లినిక్‌లో డాక్టరమ్మ పాప మోకాలు ముట్టుకోకముందే మా రెండు వైపుల వాళ్ల గురించీ చాలాసేపు అడిగారు. మగవాళ్లకి చదరం, ఆడవాళ్లకి సున్నా గీసుకుంటూ వంశవృక్షం వేశారు.

అడిగే పద్ధతి నచ్చింది. మా అమ్మకి థైరాయిడ్ అంటే, యాంటీబాడీలు చూశారా, గడ్డకి ఆపరేషన్ అయిందా అన్నారు. షుగర్ అంటే, టైప్ 1 ఆ, పెద్దవయసులో వచ్చిందా అన్నారు. అత్తగారి మోకాళ్ల నొప్పుల దగ్గర, పొద్దున లేవగానే ఎంతసేపు బిగుసుకుని ఉంటాయో అడిగి, అరుగుదలేనని పక్కన పెట్టేశారు.

మా ఆయనకి మోచేతుల మీద సోరియాసిస్ అనే చర్మవ్యాధి ఉంది, ఎప్పటినుంచో మందు వాడుతున్నారు. ఆ మాట వినగానే పాప సాక్సు తీయించారు. ఒక కాలివేలు మొదలు నుంచి కొస దాకా వాచి ఉంది. ముందు చూసినవాళ్లు సాక్సు కూడా విప్పించలేదు మరి! కీళ్లవాతంతో పాటు వేలు మొత్తం అలా వాచడం, అమ్మానాన్నల్లోనో తోబుట్టువుల్లోనో సోరియాసిస్ ఉండడం, ఈ రెండూ కలిస్తే పిల్లల ఒంటి మీద ఒక్క మచ్చ లేకపోయినా అది జేఐఏలోనే సోరియాటిక్ రకం కిందికి వస్తుందట. ఇకనుంచి గోళ్ల మీద చిన్న గుంటలు పడుతున్నాయేమో చూస్తూ ఉండాలి. పాపకి ఏఎన్‌ఏ (రక్తంలో చూసే ఒక రకం యాంటీబాడీ) పాజిటివ్ కాబట్టి మూడు నెలలకోసారి స్లిట్ ల్యాంప్ అనే కంటి డాక్టర్ల సూక్ష్మదర్శినితో కంటి పరీక్ష తప్పదు. కన్ను ఎర్రబడకుండా, నొప్పి లేకుండానే లోపల వాపు రావచ్చు.

“అయితే నా వల్లే వచ్చిందా?” అని మా ఆయన అడిగేశారు. తల్లిదండ్రుల నుంచి వచ్చేది జబ్బు కాదు, దానికి అవకాశం పెంచే జన్యువులని డాక్టరమ్మ చెప్పారు. హెచ్‌ఎల్‌ఏ, పీటీపీఎన్22 లాంటివి థైరాయిడ్‌లోనూ టైప్ 1 షుగర్‌లోనూ కూడా కనిపిస్తాయట, అవి ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఏమీ రాదట. మా చిన్నోడికి కూడా టెస్టులు రాయమంటే రాయలేదు. లక్షణాల్లేని పిల్లాడికి ఏఎన్‌ఏ చేస్తే, ఆరోగ్యంగా ఉన్నా పాజిటివ్ రావచ్చు, లేనిపోని టెన్షన్ అన్నారు. అడిగిన టెస్టు వద్దనే డాక్టర్లు ఎంతమంది ఉంటారు?

ఇక వెయిటింగ్. కుటుంబ జబ్బుల ఫారం రిసెప్షన్‌లో చేతికిస్తారు. హాల్లో అందరూ వింటుండగా ఫోన్ చేసి, మరిది గారి పేగుల జబ్బు పేరేంటని ఎలా అడగను? ముందే ఇంటికి పంపొచ్చుగా. కంటి డాక్టర్ అపాయింట్‌మెంట్ కూడా మనమే విడిగా తీసుకోవాలి. నర్సు మాత్రం పాపకి రాసిన మెథోట్రెక్సేట్ అనే మందు రోజూ కాదు, వారానికోసారే అని చెప్పి, డబ్బా మీద ఏ రోజు వేయాలో ఆ రోజు పేరు పెద్దక్షరాలతో రాసిచ్చింది.

ఆ వంశవృక్షం కాగితం ఫైల్లోనే ఉంచేసుకుంటారు. అడిగితే జిరాక్స్ ఇస్తారు, మేం తీసుకున్నాం.