‘ఫైర్ రేటెడ్’ కిటికీల పేరుతో మామూలు టఫెన్డ్ గాజు అంటగడుతున్నారు, జాగ్రత్త

‘ఫైర్ రేటెడ్ కిటికీలు, అరవై నిమిషాల గ్యారంటీ’ అంటూ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఆ కొటేషన్ మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. ఆ కాగితాన్ని నమ్మి అడ్వాన్సు కట్టబోతున్నవారు దయచేసి ఆగండి. ఆ పేరుతో మా భవనానికి బిగించినవి మామూలు టఫెన్డ్ గాజు పెట్టిన అల్యూమినియం కిటికీలని నిన్ననే తేలింది. సొమ్ము మొత్తం అప్పటికే ఆ కొటేషన్ ఇచ్చిన కాంట్రాక్టరు చేతికి వెళ్లిపోయింది.

మాది పాత అయిదంతస్తుల భవనం. లోపలి మెట్లు కాక వెనుక వైపు ఇనుప మెట్లున్నాయి. ప్రతి అంతస్తులోనూ వంటగది కిటికీలు ఆ మెట్లకు చేయి చాస్తే అందేంత దగ్గరగా ఉన్నాయి. 2025 మే 18న హైదరాబాద్‌లోని గుల్జార్ హౌజ్ దగ్గర, ఇరుకైన మెట్ల దారి తప్ప మరో దారి లేని ఇంట్లో అగ్ని ప్రమాదంలో 17 మంది ప్రాణాలు పోయిన తరువాత, మా రెండో దారి నిజంగా పనికివస్తుందా అన్న ప్రశ్న అసోసియేషన్ సమావేశంలో గట్టిగానే వచ్చింది. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి నాలుగో భాగం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. బయటి మెట్ల మీదికి గానీ వాటి సమీపానికి గానీ కిటికీలు తెరుచుకోకూడదు. 3 మీటర్ల లోపు అలాంటివి ఉంటే, కనీసం 60 నిమిషాలు మంటను తట్టుకునే తలుపులతో, కిటికీలతో వాటికి రక్షణ కల్పించాలి. వంటగదిలో సిలిండరు అంటుకుని కిటికీ గాజు రాలిపోతే, మంటా పొగా నేరుగా మెట్ల మీదికే వస్తాయి. లోపలి మెట్లలోకీ పొగ చేరితే, పై అంతస్తుల వాళ్లకు అప్పుడు రెండు దారులూ మూసుకుపోయినట్లే.

అందుకే తెరుచుకోని, అరవై నిమిషాల రేటింగు ఉన్న కిటికీలు కావాలని రాతపూర్వకంగా ఆర్డరు ఇచ్చాము. అడ్వాన్సు, బిగింపు, మిగతా సొమ్ము చెల్లింపు, అన్నీ మామూలుగానే జరిగిపోయాయి. ఆ తరువాత మా భవనంలోనే ఉండే రిటైర్డ్ ఇంజినీరు గారు ఒక గాజు మూలన ఉన్న చిన్న ముద్రను టార్చి వేసి చదివారు. అక్కడ ఉన్నది ఐఎస్ 2553, అంటే టఫెన్డ్ వంటి భద్రతా గాజుకు వర్తించే ప్రమాణం. మంటను ఎన్ని నిమిషాలు తట్టుకుంటుందో చెప్పే అక్షరం ఒక్కటి కూడా దానిపై లేదు. ఫ్రేము చూస్తే లోపల ఏ నింపుడూ లేని బోలు అల్యూమినియం సెక్షన్. గోడకూ ఫ్రేముకూ మధ్య సందుల్లో ఉన్నది మామూలు ఫోము. సర్టిఫికెట్ పేరుతో ఇచ్చిన జిరాక్సు కాగితం మరేదో కంపెనీ పేరు మీద, ఆఫీసు పార్టిషన్‌కు చేసిన పరీక్షది.

కాంట్రాక్టరును పిలిపించి అందరి ముందూ ఇదేమిటని అడిగినప్పుడు వచ్చిన సమాధానం నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు. “మంటలొస్తే మెట్లు దిగి పోతారా సార్, గాజు మీద నంబరు చదువుకుంటూ నిలబడతారా?” అన్నాడు. నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ అప్పుడు అక్కడే, గోడకు చేయి ఆనించి నిలబడి ఉన్నారు. మోకాళ్ల నొప్పులతో ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, కమ్మీ పట్టుకుని దిగే మనిషి ఆవిడ. “నాయనా, నేను పరుగెత్తలేను కదా, నాకోసమే కదా ఇవి పెట్టించింది” అని ఆవిడ మెల్లగా అంటే, ఆవిడ వైపు చూడకుండానే, “బిల్లు కట్టారు, ఫిట్టింగ్ అయిపోయింది, ఇక మాకేం సంబంధం లేదు” అని బైకు ఎక్కి వెళ్లిపోయాడు. సరుకు మార్చి ఇచ్చిన మోసం ఒక ఎత్తు, ఆ వయసు మనిషి భయాన్ని అంత తేలికగా తీసిపారేయడం ఒక ఎత్తు. అరవై నిమిషాలు అన్న నియమం ఉన్నదే అలాంటి వారికోసం.

‘టఫెన్డ్ అంటేనే ఫైర్ గ్లాసు’ అని ఆయన పదే పదే చెప్పిన మాట పూర్తిగా అబద్ధం. టఫెన్డ్ గాజు దెబ్బకు గట్టిది, పగిలినా కోసుకుపోయే పెంకులు కాకుండా చిన్న చిన్న ముక్కలవుతుంది; అయితే ఆ ముక్కలతో పాటు పలక మొత్తం రాలిపోయి కిటికీ ఖాళీ అవుతుంది. ఇక ప్రామాణిక అగ్ని పరీక్షలో కొలిమి వేడి పది నిమిషాలకే సుమారు 680 డిగ్రీల సెల్సియస్‌కు, గంటకు సుమారు 945 డిగ్రీలకు చేరుతుంది. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. ఖరీదైన గాజునే పెట్టినా ఆ బోలు ఫ్రేము దాన్ని గంటసేపు నిలబెట్టలేదు. నియమావళి గాజు ఒక్కదాని గురించి కాక, ఫ్రేము, గాజును దానిలో పట్టి ఉంచే బీడింగు, సీలు కలిసిన కిటికీ మొత్తం గురించి చెప్పడంలో అర్థం ఇదే.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాము, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి ఆర్డరు కాగితం, గాజు ముద్రల ఫొటోలు సిద్ధం చేస్తున్నాము. మీరు కొనేటట్లయితే, మీకు బిగించబోయే రకం ఫ్రేముతో సహా పరీక్షించిన నివేదికను ముందే అడిగి, అందులోని కంపెనీ పేరు బిల్లులోని పేరుతో సరిపోతుందో లేదో చూసుకోండి. ప్రతి గాజు మీదా రేటింగు ముద్ర కనిపించేదాకా మిగతా సొమ్ము ఇవ్వకండి. వంటగదికి వెలుతురు, గాలి వచ్చే మరో కిటికీ ఉన్న ఇళ్లలో మెట్ల వైపు కిటికీని ఇటుకతో మూసేయడమే మేలు. మా దగ్గర రెండో అంతస్తు వాళ్లు ఈ ఉదయమే మేస్త్రీని పిలిపించారు.