రోటరీనా, లయన్సా: ఏది మేలు?

"సేవ చేయాలని ఉంది. రోటరీలో చేరమంటారా, లయన్స్‌లో చేరమంటారా?" అని అడిగేవాళ్లలో కొందరికి నిజంగా కావాల్సింది పెద్దవాళ్ల పరిచయాలు. వాళ్లకు జవాబు తేలిక: రెండు చోట్లా దొరుకుతాయి, ఎక్కడైనా చేరొచ్చు. ఆదివారం పూట నాలుగు గంటలు చేతులతో పని చేయాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

కాగితం మీద చూస్తే ఈ రెండు అంతర్జాతీయ సేవా క్లబ్బులూ కవలల్లాగే ఉంటాయి. రెండూ పుట్టింది షికాగోలోనే. 1905లో పాల్ హారిస్ అనే లాయరు రోటరీ మొదలుపెడితే, 1917లో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్స్ వ్యాపారి లయన్స్‌కి పునాది వేశాడు. ఆడవాళ్లకు రెండింటి తలుపులూ చాలాకాలం మూసే ఉన్నాయి. 1987లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో రోటరీ దారికొచ్చింది, అదే ఏడాది లయన్స్ కూడా నియమం మార్చుకుంది. రెండింటికీ సంవత్సరం జులై 1న మొదలవుతుంది. ఆ సంస్థల ఫౌండేషన్లకు 1000 డాలర్లు జమ అయితే వ్యవస్థాపకుడి పేరుతో గుర్తింపు ఇవ్వడం కూడా రెండు చోట్లా ఉంది. కాబట్టి కోటు మీద ఏ పిన్ను పెట్టుకోవాలన్నది పెద్ద విషయం కాదు.

తేడా పని దగ్గర వస్తుంది. రోటరీ అనగానే పోలియో. 1979లో ఫిలిప్పీన్స్‌లో పిల్లలకు చుక్కలు వేయించడంతో మొదలై, 1985లో పోలియోప్లస్ అనే ప్రపంచవ్యాప్త టీకాల కార్యక్రమంగా మారి, 1988 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ వంటివాటితో కలిసి నడుస్తోంది. అప్పట్లో 125కి పైగా దేశాల్లో ఉన్న సహజ పోలియో వైరస్ ఇప్పుడు పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలోనే పాతుకుని ఉంది. ఇంత పెద్ద పనిని నెత్తికెత్తుకుని దశాబ్దాల పాటు దించని క్లబ్బు మరొకటి లేదు, అది ఒప్పుకోవాలి. కాకపోతే ఇందులో మామూలు సభ్యుడి వంతు చాలాచోట్ల డబ్బు పోగుచేయడమే.

రోటరీలో ఇంకో మంచి ఉంది, గ్లోబల్ గ్రాంట్, అంటే పెద్ద ప్రాజెక్టులకు రోటరీ ఫౌండేషన్ ఇచ్చే నిధి. బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు ఉండాలి, రెండు దేశాల క్లబ్బులు చేతులు కలపాలి, డబ్బు అయిపోయాక కూడా పని నిలబడేట్టు ప్లాను చూపాలి, తర్వాత లెక్కలు అప్పజెప్పాలి. ఇంజినీర్లు, అకౌంటెంట్లు, ఓపిగ్గా రిపోర్టులు రాసేవాళ్లు ఇక్కడ భలే రాణిస్తారు. మీ సేవ మీ వృత్తి నైపుణ్యమే అయితే ఇంకేం ఆలోచించకుండా రోటరీకి వెళ్లండి.

లయన్స్‌ది కళ్ల దారి. 1925లో చూపు, వినికిడి లేని అమెరికా రచయిత్రి హెలెన్ కెల్లర్ వాళ్ల మహాసభకు వచ్చి, చీకటి మీద పోరులో అంధులకు అండగా నిలబడమని అడిగింది. అప్పటి నుంచి అదే వాళ్ల ముద్ర. 1990లో సైట్‌ఫస్ట్ పేరుతో నివారించగల అంధత్వం మీద పెద్ద కార్యక్రమమే పెట్టారు. నా మొగ్గు ఇటువైపు ఎందుకో చెప్పాలంటే ఒక కంటి శిబిరం లోపలికి తీసుకెళ్లాలి.

డాక్టరు దగ్గరికి చేరేలోపు ఒక్కో మనిషి నలుగురైదుగురు వాలంటీర్ల చేతుల మీదుగా వెళ్తాడు. పేరు రాసుకునేవాళ్లొకరు. ఆరు మీటర్ల దూరంలో చార్టు దగ్గర నిలబడి అక్షరాలు చూపించేవాళ్లొకరు. చదువు రానివాళ్లకు నాలుగు దిక్కులకూ తిరిగిన ఇంగ్లీషు 'E' ఆకారం చూపించి, కాళ్లు ఎటున్నాయో చేత్తో చూపమంటారు. ఇంకొకరి పని కన్ను మూయించడం. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ శిబిరం సగం ఇక్కడే చెడుతుంది. అరచేత్తో కన్ను గట్టిగా నొక్కితే, దాని వంతు వచ్చేసరికి ఆ కంటికి అంతా మసకే. వేళ్ల సందులోంచి చూసేవాళ్లు సరేసరి. వెనక వరసలో నిలబడి ముందువాడు చదివింది విని బట్టీ పట్టేసేవాళ్లూ ఉంటారు, అదేదో పరీక్ష పాసవ్వాలన్నట్టు! ఇవి కనిపెట్టి, నొప్పించకుండా మళ్లీ చదివించడానికి డిగ్రీ అక్కర్లేదు, ఓర్పు ఉంటే చాలు. చేరిన మొదటి వారమే మీరు అక్కరకొస్తారు.

అసలు పని మాత్రం శిబిరం అయ్యాక ఉంటుంది. శుక్లాలున్నాయని రాసిచ్చిన చీటీతో ఎంతమంది ఆస్పత్రికి వెళ్లారో ఫోన్లు చేసి కనుక్కోవాలి. "ఇంకా ముదరలేదుగా, తర్వాత చూద్దాం" అనేవాళ్లకు ఇప్పటి ఆపరేషన్‌కు అది ముదిరేదాకా ఆగక్కర్లేదని చెప్పాలి. తోడు ఎవరూ లేనివాళ్లకు తోడు వెళ్లాలి. ఫొటోలో పడే పని కాదిది, అందుకే దీనికి మనుషులు దొరకరు.

ఇంతకీ నేను చూసేది రెండింటిలోనూ ఒకటే: ప్రెసిడెంట్ మారినా సాగిన పని ఏది? ఈ క్లబ్బుల బలహీనత అంతా ఆ జులై 1లో ఉంది. ప్రెసిడెంట్ సాధారణంగా ఏడాదికే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు వచ్చినాయన తన పేరు నిలబడే పని ఒకటి మొదలుపెడతాడు. నిరుటాయన పెట్టించిన మంచినీళ్ల ఫిల్టరుకు క్యాండిల్ మార్చేవాళ్లుండరు. నాటిన మొక్కలకు నీళ్లు పోసేవాళ్లుండరు. క్లబ్బు రికార్డులో రెండూ విజయాలే! అందుకని ఎన్ని ప్రాజెక్టులు చేశారని అడగొద్దు, పెద్ద జాబితా చేతికిస్తారు. వరసగా ముగ్గురు ప్రెసిడెంట్ల హయాంలో నడిచిన పని ఒక్కటి చూపించమనండి. చూపించగలిగితే అది ఏ క్లబ్బయినా చేరిపోండి, నా లయన్స్ మొగ్గును పక్కన పెట్టేయండి. చూపించలేకపోతే ఎంత పాత క్లబ్బయినా దండం పెట్టి వచ్చేయండి.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. 1915లో డెట్రాయిట్‌లో మొదలైన కివానిస్ పిల్లల కోసం పనిచేస్తుంది, మీకు దగ్గర్లో ఉంటే చూడొచ్చు. నలభై లోపు వాళ్లకు జేసీఐ (జూనియర్ ఛాంబర్ ఇంటర్నేషనల్) ఉంది గానీ అక్కడ సేవ కంటే నాయకత్వ శిక్షణ పాలు ఎక్కువ. ఆడవాళ్ల కోసం 1921 నుంచి సోరాప్టిమిస్ట్ ఉంది. కాలేజీ వయసు వాళ్లకు రోటరీ వాళ్ల రోటరాక్ట్, లయన్స్ వాళ్ల లియో ఉన్నాయి.

సభ్యత్వం లేకుండా పనికి మాత్రమే వెళ్లడం ఇంకో దారి, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. శిబిరం రోజున అదనపు చేతులను కాదనే సెక్రటరీని నేను చూడలేదు. చందా కట్టే ముందు రెండు మూడు సార్లు ఇలా వెళ్తే, మీటింగులో అతిథిగా కూర్చున్నప్పుడు తెలియనిదంతా తెలుస్తుంది. బ్యానరు కట్టాక ఎవరు ఉంటున్నారు, ఫొటో అయ్యాక ఎవరు వెళ్లిపోతున్నారు, కుర్చీలు ఎవరు సర్దుతున్నారు, అన్నీ కళ్లెదుటే ఉంటాయి.

అడగడానికి మంచి సమయం మే, జూన్ నెలలు. జులైలో కుర్చీ ఎక్కబోయే మనిషి అప్పటికే ఖరారై, తన ఏడాదికి ప్లాన్లు వేసుకుంటూ ఉంటారు. అప్పుడు పాత ప్రెసిడెంటును వదిలేసి ఆ వచ్చే మనిషినే అడగండి: "ఇప్పుడు నడుస్తున్న వాటిలో వచ్చే ఏడు మీరు ఆపకుండా ఉంచేవి ఏవి?"