దేవుడిగా ఉండటం కష్టం: 1989 నాటి సినిమానా, 2013 నాటిదా, ఏది మేలు?

అర్కాదీ, బోరిస్ స్ట్రుగాట్‌స్కీ సోదరుల 1964 నాటి ఈ నవలని ఇద్దరు దర్శకులు తెరకెక్కించారు. కథ ఒక్కటే. వేరే గ్రహంలో అర్కనార్ అనే రాజ్యం ఉంది. చదువుకున్నవాడు కనిపిస్తే చాలు, అక్కడ చంపేస్తారు. భూమి నుంచి వెళ్లిన చరిత్రకారుడు డాన్ రుమాతా అనే ప్రభువు వేషంలో అక్కడ బతుకుతుంటాడు. అతను అన్నీ చూడొచ్చు కానీ, ఎవరినీ చంపకూడదు.

1989 సినిమా తీసింది పీటర్ ఫ్లైష్‌మన్. సోవియట్ యూనియన్, పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ కలిసి నిర్మించాయి. రంగుల్లో, దాదాపు రెండు గంటల్లో కథ వరసగా సాగిపోతుంది. ఎవరు ఎవరో ఇట్టే తెలుస్తుంది. భూమివాళ్లు కక్ష్యలోంచి గమనిస్తున్నారన్నదీ తెర మీదే చూపిస్తారు. చిక్కల్లా అక్కడే వచ్చింది. పైన యంత్రాల ముందు కూర్చున్నవాళ్ల దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ మనకి ఊపిరి తీసుకునే వీలు దొరుకుతుంది. రుమాతాకి అలాంటి వీలు లేదు. ఆ ఇరుకు మనల్ని తాకకపోతే అతను చివర్లో కత్తి ఎందుకు దూశాడో బుర్రకి అర్థమవుతుందే తప్ప మనసుకి ఎక్కదు.

2013 సినిమా అలెక్సేయ్ గెర్మన్‌ది. పేరు ‘జర్మన్’ అన్నట్టు వినిపించినా ఆయన రష్యన్ దర్శకుడే. 1968లోనే బోరిస్‌తో కలిసి స్క్రిప్టు రాశారు. ఆ ఆగస్టులో సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి వెళ్లాయి. కథలోనూ నల్ల దుస్తుల సేన నగరాన్ని ఆక్రమిస్తుంది కాబట్టి ఆ సినిమా ఆగిపోయింది. చివరికి షూటింగ్ 2000 నుంచి 2006 దాకా, మొదట చెక్ కోటల్లో, తర్వాత లెన్‌ఫిల్మ్ స్టూడియోలో సాగింది. ఆపైన ఏళ్ల తరబడి శబ్దం మీద పనిచేశారు. 2013 ఫిబ్రవరిలో గెర్మన్ చనిపోతే, ఆయన భార్య స్వెత్లానా కర్మలీతా, కొడుకు కలిసి పూర్తిచేశారు.

ఇది దాదాపు మూడు గంటల నలుపు తెలుపు సినిమా. బురద, వాన, పొగ. కెమెరాకి అడ్డంగా కోళ్లు, గొలుసులు, మాంసం ముక్కలు వేలాడుతుంటాయి. దారినపోయేవాళ్లు లెన్సులోకి తొంగిచూస్తారు. నవలలో రుమాతా నుదుటి పట్టీలోని రాయి నిజానికి కెమెరా. ఆ తొంగిచూపులు దాన్నే గుర్తు చేస్తాయి. ఇక చివర్లో రుమాతా చేసే ఊచకోత తెర మీద లేదు. ముందు ఏం జరిగిందో చూస్తాం, తర్వాత శవాల మధ్య కూర్చున్న రుమాతాని చూస్తాం. నవల కూడా ఆ ఘట్టాన్ని దాటవేసి, తర్వాత ఇంకొకరి నోట చెప్పిస్తుంది. ఈ విషయంలో గెర్మన్ మూలానికి ఎంత దగ్గరగా ఉన్నాడో చాలామంది గమనించరు.

అయితే నవల చదవకుండా నేరుగా దీన్ని మొదలుపెట్టినవాళ్లు మొదటి అరగంటలోనే ఆపేస్తుంటారు. తప్పు వాళ్లది కాదు. సినిమా ఎవరినీ పరిచయం చేయదు. ముఖ్యమైన మాట, ఊసుపోక అన్న మాట ఒకే గొంతులో వినిపిస్తాయి. అందుకే ముందే నాలుగు పేర్లు పట్టుకోండి: వేట నడిపించే మంత్రి డాన్ రెబా, రుమాతా వెతుకుతున్న వైద్యుడు బుదాఖ్, తాగుబోతు స్నేహితుడు బారన్ పంపా, తిరుగుబాటుదారు అరాతా. నవలలోని ప్రియురాలు కీరా సినిమాలో ఆరి అయింది. సబ్‌టైటిల్స్‌లో ప్రతి ముక్కా పట్టుకోవాలని చూడకండి, ముఖాలు చేజారిపోతాయి. పగటి వెలుతురులో, ఫోన్‌లో చూస్తే బూడిదరంగు తప్ప ఏమీ మిగలదు. చీకటి గది, వీలైనంత పెద్ద తెర, హెడ్‌ఫోన్స్ కావాలి. భోంచేస్తూ మాత్రం వద్దు.

నా ఓటు గెర్మన్‌కే, అదీ నవల చదివాక. చదివే ఓపిక లేదు, కథ తెలిస్తే చాలు అనుకుంటే ఫ్లైష్‌మన్ సినిమా చూడండి, గెర్మన్ జోలికి వెళ్లకండి. రెండూ చూడాలనుకుంటే మాత్రం గెర్మన్ తర్వాత ఫ్లైష్‌మన్‌ని పెట్టుకోవద్దు, అది మరీ పలచగా అనిపిస్తుంది. ఇంగ్లీషులో నవల కొనేవాళ్లు 2014లో వచ్చిన ఒలేనా బోర్మషెంకో అనువాదమే తీసుకోండి. 1973 నాటి పాత అనువాదం రష్యన్ నుంచి కాక, జర్మన్ భాషలోని అనువాదం నుంచి చేసింది.