వంశలాంఛనం: తోలు మీద బంగారు ముద్ర మేలా, కాగితం మీద అచ్చు మేలా?

పదిహేడవ శతాబ్దపు ఫ్రాన్సులో డబ్బు పెట్టి న్యాయాధికార పదవి కొనుక్కున్న పెద్దమనిషికి తన హోదా నలుగురి కంటా పడటం అవసరమే. అందుకు వంశలాంఛనాన్ని, అంటే డాలుపై గీసే కుటుంబ చిహ్నాన్ని, పుస్తకాల అట్టలపై బంగారు రేకుతో ముద్రించుకోవచ్చు, లేదా రాగిపలకపై చెక్కించి అచ్చు వేయించవచ్చు.

బంగారు ముద్రకున్న దర్జా కాదనలేనిది. పారిస్ ఉన్నత న్యాయస్థానంలో అధ్యక్ష పదవి వహించిన చరిత్రకారుడు జాక్ ఓగుస్త్ ద తూ (1553–1617) పెళ్లికి ముందు తన లాంఛనాన్ని మాత్రమే, ఆ తరువాత వరుసగా ఇద్దరు భార్యల లాంఛనాలను జతచేసి ముద్ర వేయించాడు కనుక, ఏ పుస్తకానికి ఏ కాలంలో అట్ట కట్టించాడో నేటికీ అంచనా వేయవచ్చు. అయితే ఆ వైభవం ఇంటికి వచ్చి అలమార ముందు నిలబడినవారికే దక్కుతుంది. పైగా అంతా బంగారమే అయినచోట డాలు ఎరుపో నీలమో తెలియదు.

అచ్చు ఈ రెండు లోట్లనూ తీర్చింది. 1638లో రోములో అచ్చయిన, లాంఛనాల గురించి పియెత్రా సాంతా రాసిన గ్రంథం ద్వారా, ఫ్రాన్సులో అదే విషయంపై వుల్సన్ ద లా కొలొంబియేర్ రచనల ద్వారా వ్యాపించిన పద్ధతిలో చుక్కలు బంగారానికి, ఖాళీ వెండికి, నిలువు గీతలు ఎరుపుకు, అడ్డగీతలు నీలానికి గుర్తులు. పుస్తకం లోపలి అట్టకు అతికించే చిన్న లాంఛన చీటీ చవకే గాని, అదీ అలమార దాటదు. రాగిపలకలపై బొమ్మలు చెక్కే రొబేర్ నాంతోయ్ వంటివారు చేసిన రూపచిత్రం సంగతి వేరు: అండాకారపు చట్రంలో మనిషి, కింద అతని లాంఛనం, పంచిపెట్టడానికి ఎన్నో ప్రతులు. విద్యార్థి తన సిద్ధాంతచర్చను ఆ పెద్దమనిషికే అంకితమిచ్చి, అతని లాంఛనంతో పెద్ద పత్రం అచ్చు వేయించి సభలో పంచితే ఇంకా మేలు, ఎందుకంటే అక్కడ పొగిడేది మరొకరు.

నా తూకం రూపచిత్రం వైపే. 1696 నవంబరు శాసనంతో లాంఛనాల నమోదు మొదలయ్యాక ఒట్టి డాలుకు విలువ మరీ పలచబడింది; యుద్ధఖర్చులకు ఖజానా నింపే ఆ ఏర్పాటులో ఇరవై లీవ్రులు (ఆనాటి ఫ్రెంచి డబ్బు) కట్టిన వర్తకుడికీ చేతిపనివాడికీ లాంఛనం నమోదైంది, అడగనివారికి సైతం ఏదో ఒకటి అంటగట్టారు. అచ్చుకూ ఒక హద్దుంది. 1666 నుంచి ఉన్నతవంశీకుల హక్కులను విచారించిన అధికారులు బొమ్మలు కాదు, పెళ్లి ఒప్పందాలు, ఆస్తి పంపకాల పత్రాలు అడిగారు. కనుక ఆ పెద్దమనిషి ముందు తన దస్తావేజులు సరిచూసుకుని, ఆ తరువాతే నాంతోయ్ తలుపు తట్టడం మేలు.