ఫిగో వెళ్ళిన దారిలో: బార్సిలోనా నుంచి మాడ్రిడ్

ఫుట్‌బాల్ పిచ్చితో స్పెయిన్ వెళ్ళేవాళ్ళు ముందు బార్సిలోనాలో దిగి, అక్కణ్ణుంచి రైల్లో మాడ్రిడ్ వెళ్ళడం మంచిది. 2000లో పోర్చుగల్ ఆటగాడు లూయిస్ ఫిగో బార్సిలోనా క్లబ్బు (బార్సా) నుంచి రియల్ మాడ్రిడ్‌కి మారిన దారి అదే. (రైల్లో కాదనుకోండి, ఆ రెండు ఊళ్ళ మధ్య హైస్పీడ్ లైను పూర్తయింది 2008లో.) మా తమ్ముడు బార్సా అభిమాని, నేను రియల్ అభిమానిని. రెండు చొక్కాలూ వేసుకున్న ఆటగాళ్ళ గురించి దారంతా కొట్టుకుంటూనే ఉన్నాం.

బార్సిలోనాలో మొదట రాంబ్లా పక్క సందులో దిగాం. అగ్గిపెట్టెంత గది, తెల్లవార్లూ కింద గోల. సాంట్స్ స్టేషన్ దగ్గరికి మారాక హాయిగా నిద్రపట్టింది. అక్కణ్ణుంచి బార్సా స్టేడియం క్యాంప్ నౌకి నడిచే వెళ్ళొచ్చు. గది అద్దె కాక మనిషికి రాత్రికి ఇంతని టూరిస్టు పన్ను కట్టమంటారు. అది ఊరంతా ఉన్నదే, మోసమనుకోకండి. స్టేడియాన్ని తిరగకడుతున్నారు కాబట్టి టికెట్ కొనేముందు లోపల ఏమేం చూపిస్తున్నారో చూసుకోండి.

నాకు మ్యూజియం కన్నా లెస్ కోర్ట్స్‌లోని ఓ చిన్న బారే ఎక్కువ నచ్చింది. గ్లాసులు తుడుస్తున్న పెద్దాయన ఫిగో పేరు వినగానే చేతిలో గుడ్డని కౌంటర్ మీద ఛెళ్ళున కొట్టాడు. బార్సా పాత ఆటగాడు లౌద్రూప్ పేరు అనగానే మాత్రం మొహం విప్పారింది.

"అదేంటన్నా, ఇద్దరూ మాడ్రిడ్‌కే పోయారుగా?" అన్నాడు తమ్ముడు.

పోయిన తీరు వేరు. మైకేల్ లౌద్రూప్‌ని 1994 యూరోపియన్ ఫైనల్లో కోచ్ క్రైఫ్ జట్టులోకే తీసుకోలేదు. మిలాన్ చేతిలో బార్సా 4-0తో ఓడింది, ఆయన వెళ్ళిపోయాడు. ఆ జనవరిలో బార్సా తరఫున రియల్‌ని 5-0తో ఓడించినవాడే, మరుసటి జనవరిలో రియల్ తరఫున బార్సాని అదే 5-0తో ఓడించాడు! ఫిగో సంగతి అలా కాదు. జనం నెత్తిన పెట్టుకున్నవాణ్ణి, తనని గెలిపిస్తే తెస్తానని ఫ్లోరెంతినో పెరెజ్ రియల్ అధ్యక్ష ఎన్నికల్లో మాటిచ్చి, గెలిచి, దాదాపు 60 మిలియన్ యూరోలు పోసి పట్టుకెళ్ళాడు. 2002లో క్యాంప్ నౌలో ఫిగో కార్నర్ కొట్టబోతుంటే పందితల విసిరారంటే మంట ఎంతో చూడండి. ఇటునుంచి అటే కాదు, అటునుంచి ఇటూ వచ్చారు. లూయిస్ ఎన్రికే రియల్లో ఐదేళ్ళు ఆడి, 1996లో బార్సాకి వచ్చి, కోచ్‌గా 2015లో మూడు కప్పులు తెచ్చిపెట్టాడు. ఆ పేరెత్తితే నా దగ్గర జవాబు లేదు.

రైలు రెండున్నర గంటలే. సాంట్స్‌లో సామాను స్కాన్ చేస్తారు కాబట్టి అరగంట ముందు వెళ్ళండి. ఒకే లైన్లో రెండు మూడు కంపెనీల రైళ్ళు తిరుగుతాయి, టికెట్ ముందే కొంటే బాగా కలిసొస్తుంది.

మాడ్రిడ్‌లో రియల్ స్టేడియం బెర్నబ్యూకి మెట్రో పదో లైనుంది, దిగితే ఎదురుగా స్టేడియమే. పదిహేను యూరోపియన్ కప్పులు వరసగా మెరుస్తుంటే తమ్ముడు ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. పెట్టిన డబ్బుకి న్యాయం జరిగిన టూర్ ఇదే. బస మాత్రం లావాపియెస్ పేటలో చూసుకోండి. అన్నం, పప్పు దొరికే మన దేశపు హోటళ్ళు అక్కడున్నాయి. స్పెయిన్ వాళ్ళ హోటళ్ళలో రాత్రి ఎనిమిదిన్నర దాటితేగానీ వంటిల్లు తెరవరు, అంతదాకా పటాటాస్ బ్రావాస్‌తో (కారం సాసు వేసిన బంగాళాదుంప వేపుడు) సరిపెట్టుకోవాలి. మ్యాచ్ ఉన్న రోజు టూర్ త్వరగా కట్టేస్తారు, డ్రెస్సింగ్ రూమ్ చూపించరు. అందుకే ఆ రోజు తప్పించి బుక్ చేసుకోండి.