‘ఫిఫ్త్ ఎడిషన్, లేటెస్ట్’ అంటే నమ్మేయకండి: వైజాగ్‌లో డీ అండ్ డీ పుస్తకాలు కొనేవాళ్లకు హెచ్చరిక

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అంటే బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ ఆడే కథల ఆట. దాని రూల్స్‌తో ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అనే పేరుతో ఇప్పుడు రెండు పుస్తకాలు అమ్మకానికి ఉన్నాయి. ఒకటి 2014 ఆగస్టులో వచ్చింది, ఇంకోటి 2024 సెప్టెంబరులో. పేరులో తేడా లేదు. కొత్తదాన్ని ఆరో ఎడిషన్ అని ప్రచురణకర్తలు అనలేదు, రెండూ ఐదో ఎడిషనే అన్నారు. 5.5 అన్నది మొదట ఆడేవాళ్లు పెట్టుకున్న పేరు. పాత స్టాకు వదిలించుకునేవాళ్లకు ఇదే సందు. ద్వారకానగర్‌లో షాపులో అడిగినా, ఆన్‌లైన్‌లో గాజువాకకు తెప్పించుకున్నా, సెకండ్‌హ్యాండ్‌లో బేరమాడినా ‘ఫిఫ్త్ ఎడిషనేనా?’ అని మాత్రం అడక్కండి. ఆ ప్రశ్నకు ఏ పుస్తకం చేతిలో ఉన్నా అవుననే చెప్పొచ్చు.

‘2024 ప్రింట్’ అన్న మాట ఇంకా ప్రమాదం. పాత పుస్తకాన్ని ఏ ఏడాది మళ్లీ అచ్చేసినా లోపలి రూల్స్ 2014వే. అడగాల్సింది ఐఎస్‌బీఎన్, అంటే ఒక్కో పుస్తకానికి విడిగా ఉండే 13 అంకెల నంబరు. పాత హ్యాండ్‌బుక్‌ది 9780786965601, కొత్తది 9780786969517. వెనక అట్ట మీద బార్‌కోడ్ ఫొటో పంపమనండి. లిస్టింగ్‌లో ఉన్న ముందు అట్ట బొమ్మ చాలదు, ఎందుకంటే కొత్త అట్ట బొమ్మ పెట్టి పాత పుస్తకం ప్యాక్ చేయడం కష్టమేమీ కాదు. పాత అట్ట మీద మంటల రంగులో ఒక ఫైర్ జెయింట్ ఉంటాడు, కొత్తదాని మీద వీరుల గుంపు వెనక బంగారు డ్రాగన్. పేజీలు పాతదానికి 320, కొత్తదానికి 384.

పుస్తకం చేతికొస్తే ఆయుధాల పట్టిక తీయండి. ‘మాస్టరీ’ అనే గడి ఉంటే కొత్తది. ఇంకో పరీక్ష గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ స్పెల్ (మంత్రం): మొదటి లెవెల్ స్లాట్‌తో (మంత్రం వేస్తే ఖర్చయ్యే వాటా) వేస్తే పాతదాంట్లో ఒక డి8 (ఎనిమిది ముఖాల పాచిక), కొత్తదాంట్లో రెండు డి8లు. ఆ స్పెల్ ఉన్న కార్డుల ప్యాకెట్లకూ ఇదే పరీక్ష సరిపోతుంది. ప్యాకెట్ మీద ఏం రాసున్నా ఆ ఒక్క కార్డు ఫొటో అడిగితే తేలిపోతుంది.

రూల్స్ కొంచెమేగా మారాయి, సర్దుకుపోవచ్చు అంటారు అమ్మేవాళ్లు. బల్ల దగ్గర అందరూ పాతవే వాడితే ఏ గొడవా లేదు, అందరూ కొత్తవైనా అంతే. ఒకరిది పాతది, ఒకరిది కొత్తది అయినప్పుడే లెక్క తప్పుతుంది. అదీ మొట్టమొదటి మెట్టులోనే, క్యారెక్టర్ తయారుచేసేటప్పుడు.

పాత పుస్తకంలో ఎబిలిటీ స్కోర్ల (పాత్ర బలం, చురుకు లాంటివాటి అంకెలు) పెంపు రేస్ నుంచి, అంటే డ్వార్ఫ్ లాంటి జాతి నుంచి వస్తుంది. కొత్తదాంట్లో రేస్ అన్న మాటే తీసేసి స్పీషీస్ అన్నారు, పెంపును బ్యాక్‌గ్రౌండ్‌కు (పాత్ర గతం) మార్చారు. బ్యాక్‌గ్రౌండ్‌లో రాసిన మూడు ఎబిలిటీల్లో ఒకదానికి +2, ఒకదానికి +1, లేదా మూడింటికీ తలో +1. పాత పుస్తకంలోంచి హిల్ డ్వార్ఫ్‌ను తీసుకుని, స్నేహితుడి కొత్త పుస్తకంలోంచి సోల్జర్ బ్యాక్‌గ్రౌండ్ తగిలించారనుకోండి. కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) 15కు రేస్ నుంచి 2, బ్యాక్‌గ్రౌండ్ నుంచి 2, మొత్తం 19. మొదటి లెవెల్లోనే! రూల్ ప్రకారం రావాల్సింది 17. తిరగేసి కొత్త డ్వార్ఫ్‌కు పాత సోల్జర్ కలిపితే పెంపు సున్నా, ఆ ఆటగాడు చాలా రోల్స్‌లో పక్కవాడికంటే వెనకబడతాడు. దీనికి పరిష్కారం కొత్త పుస్తకంలోనే ఉంది. పాత రేస్ వాడితే దాని స్కోర్ పెంపు వదిలేయాలి. పాత బ్యాక్‌గ్రౌండ్ వాడితే ఆ +2, +1 మనకు నచ్చినచోట వేసుకుని, ఒక ఆరిజిన్ ఫీట్ (పాత్రకు మొదట్లోనే వచ్చే ప్రత్యేక నేర్పు) తీసుకోవాలి. కాకపోతే పాత పుస్తకం మాత్రమే కొన్నవాడికి ఈ సంగతి తెలిసే దారి లేదు.

ఇక ఆట మధ్యలో వచ్చే పేచీలు. పాత పాలడిన్ (దైవశక్తి ఉన్న యోధుడు) తన దెబ్బ ఎదుటివాడికి తగిలిన ప్రతిసారీ స్మైట్ (అదనపు దెబ్బ) వేయొచ్చు, స్లాట్లు ఉన్నంతవరకు. కొత్తదాంట్లో అది బోనస్ యాక్షన్‌తో (వంతుకు ఒక్కసారి దొరికే చిన్న అదనపు పని) వేసే స్పెల్, కాబట్టి తన వంతులో ఒక్కసారే. హీలింగ్ పోషన్ తాగడానికి పాతదాంట్లో యాక్షన్ (వంతులో చేసే ముఖ్యమైన పని) పోతుంది, కొత్తదాంట్లో బోనస్ యాక్షన్ చాలు. ఆదమరిచి ఉండగా దాడి జరిగితే పాత రూల్‌లో మొదటి వంతు మొత్తం పోతుంది, కొత్తదాంట్లో ఇనిషియేటివ్‌కు (ఎవరి వంతు ముందో తేల్చే రోల్) డిసడ్వాంటేజ్ మాత్రమే, అంటే రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవాలి. సబ్‌క్లాస్ (పాత్ర క్లాసులో, అంటే వృత్తిలో, ఎంచుకునే శాఖ) కొత్తదాంట్లో అందరికీ మూడో లెవెల్లోనే. పాతదాంట్లో క్లెరిక్‌కు ఒకటో లెవెల్, విజార్డ్‌కు రెండు. షార్ప్‌షూటర్ ఫీట్ కోసమే పాత పుస్తకం వెతికేవాళ్లకు ఒక మాట: గురి రోల్‌లో 5 తగ్గించుకుని, తగిలితే 10 డ్యామేజ్ ఎక్కువ చేసే ఆ బేరం కొత్తదాంట్లో లేదు. కొత్త పుస్తకంతో ఆడే డీఎం (డంజన్ మాస్టర్, ఆట నడిపేవాడు) దాన్ని ఒప్పుకోకపోతే తప్పు ఆయనది కాదు.

మూడు పుస్తకాల సెట్ అని అమ్మేవాటితో ఇంకా జాగ్రత్త. కొత్త డంజన్ మాస్టర్స్ గైడ్ 2024 నవంబరుది, కొత్త మాన్స్టర్ మాన్యువల్ (మృగాల వివరాల పుస్తకం) 2025 ఫిబ్రవరిది. కొత్తవి మూడూ ఒక్కోటి 384 పేజీలు. పాత గైడ్ 320, పాత మాన్యువల్ 352. సెట్‌లో ఒకటి కొత్తది పైన పెట్టి, కింద రెండు పాతవి ఉన్నాయేమో ఈ అంకెలతోనే చూసుకోండి. పాత, కొత్త గైడ్లు కలిస్తే ఏమవుతుందో చూడండి: మొదటి లెవెల్ ఆటగాళ్లు నలుగురు, ఎదురుగా ఆరుగురు గాబ్లిన్లు, ఒక్కోటి 50 ఎక్స్‌పీ (ఓడిస్తే వచ్చే పాయింట్లు). మొత్తం 300. కొత్త గైడ్ లెక్కలో అది సరిగ్గా మోడరేట్, అంటే మధ్యరకం పోరాటం. పాత గైడ్‌లో గుంపు పెద్దదైతే గుణించాలి. ఆరుగురికి రెండింతలు, అంటే 600. ఆ గైడ్‌లో ఈ నలుగురికి డెడ్లీ గీత 400 దగ్గరే ఉంది. ఒకే పోరాటాన్ని ఒక పుస్తకం మామూలంటుంది, ఒకటి చావంటుంది. మాన్యువల్ మారినా ఇంతే: కొత్తదాంట్లోని తోడేలు కొడితే సేవింగ్ త్రో (తప్పించుకునే రోల్) కూడా లేకుండా మనిషి కింద పడతాడు, పాతదానికి త్రో ఉంది. పాత గైడ్ లెక్కతో కొత్త మృగాలను దింపే డీఎంకు ఇవన్నీ ఆటలోనే బయటపడతాయి.

డీఎం స్క్రీన్ (డీఎం ముందు నిలబెట్టుకునే, రూల్స్ అచ్చేసిన అట్ట) కొంటే ఎగ్జాషన్ (అలసట) రూల్ చూడండి. ఆరు వరసల పట్టిక ఉంటే పాతది. కొత్త రూల్‌లో ఒక్కో లెవెల్‌కు డి20 (ఇరవై ముఖాల పాచిక) రోల్స్‌లో 2 తగ్గుతుంది, వేగం 5 అడుగులు తగ్గుతుంది, ఆరో లెవెల్లో చావు. అంతే, పట్టిక అవసరం లేదు. స్టార్టర్ బాక్సుల్లో 2014, 2019, 2022వి మూడూ పాత రూల్సే. కొత్త రూల్స్‌తో మొదట వచ్చింది 2025 సెప్టెంబరుది. పాచికలు మాత్రం ఏవైనా ఒకటే, ఏడు ఉంటే చాలు.

నకిలీలు కూడా ఉంటాయి. అసలుది గట్టి అట్టతో, పూర్తి రంగుల్లో ఉంటుంది. అట్ట మెత్తగా ఉన్నా, బొమ్మల్లో ముదురు రంగులు మసిబారినట్టున్నా, పేజీ అంచున అక్షరాలు తెగిపోయినా కొనకండి. జిగురుతో అతికించిన నకిలీ మన సముద్రపు గాలికి ఎక్కువ కాలం నిలవదు. ‘జీఎస్టీ వల్ల రేటు పెరిగింది’ అంటే అడగండి, అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ సున్నా. కొత్త పుస్తకంతో పాటు డిజిటల్ కోడ్ వస్తుందని చెప్పేవాళ్లనూ నమ్మకండి, షాపులో కొన్న పుస్తకంలో కోడ్ ఉండదు.

ఆన్‌లైన్ ఆర్డరైతే పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, బార్‌కోడ్ అందులో పడాలి. లిస్టింగ్ పేజీ స్క్రీన్‌షాట్ ముందే దాచుకోండి, తర్వాత మార్చేస్తారు. ప్రకటించినదానికి భిన్నమైన వస్తువు పంపితే వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. ఫిర్యాదు అందినట్టు ఆ సైటు గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. షాపులో కొంటే బిల్లు మీద ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’ అని కాకుండా ఐఎస్‌బీఎన్ రాయించుకోండి, లేకపోతే మార్చమని అడగడానికి ఆధారం ఉండదు.

తొందర లేకపోతే కొనకముందే ఎస్‌ఆర్‌డీ 5.2 (ప్రచురణకర్తలే ఇచ్చే ముఖ్యమైన రూల్స్ పత్రం) చదవండి. 2025 ఏప్రిల్లో ఉచితంగా ఇచ్చారు, 5.1 పాత రూల్స్‌ది కాబట్టి నంబరు చూసి దించుకోండి. పన్నెండు క్లాసులూ ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్క సబ్‌క్లాసే. బ్యాక్‌గ్రౌండ్లు నాలుగే. రెండు మూడు ఆటలకు అది సరిపోతుంది. ఈలోపు మీ బల్ల దగ్గర మిగతావాళ్ల చేతుల్లో ఏ పుస్తకం ఉందో కనుక్కోండి. అందరిదీ 2014ది అయితే సెకండ్‌హ్యాండ్‌లో పాతదే తక్కువకు అడిగి తీసుకోండి.