జెండా కాలిస్తే జైలా, వదిలేయడమా: ఏది మేలు?

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో గానీ, విజయనగరం కోట జంక్షన్‌లో గానీ ధర్నా జరిగిందంటే చివర్లో ఏదో ఒకటి కాలాల్సిందే. ఎండుగడ్డి కూరిన పాత చొక్కా, ప్యాంటు, ముఖం దగ్గర ఫ్లెక్సీ ముక్క, మెడలో ఆ నాయకుడి పార్టీ కండువా. అగ్గిపుల్ల గీసేలోపే కానిస్టేబుళ్లు దిష్టిబొమ్మ కాళ్లు పట్టుకుంటారు, కార్యకర్తలు చేతులు పట్టుకుంటారు. బొమ్మ రెండు ముక్కలవుతుంది. చేతికి దక్కిన గడ్డికే నిప్పు పెట్టి నినాదాలిస్తారు. దీన్ని ఎవరూ పెద్ద నేరంగా చూడరు. జీవో కాపీని భోగిమంటలో వేస్తే అదీ ఉండదు, మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. అదే త్రివర్ణ పతాకానికి నిప్పు పెడితే మాత్రం మూడేళ్ల వరకు జైలు. అమెరికాలో అయితే అది నేరమే కాదు. మరి ఏ పద్ధతి మేలు?

ముందు మన చట్టం సంగతి. జాతీయ గౌరవ చిహ్నాలను అవమానించడాన్ని నిరోధించే చట్టం 1971లో వచ్చింది. నలుగురూ చూసేచోట జెండాను కాల్చినా, చింపినా, తొక్కినా మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చాలామందికి తెలియని మాట ఒకటి అదే సెక్షన్‌లో ఉంది: చట్టబద్ధమైన మార్పు కోరుతూ ప్రభుత్వ చర్యలనే కాదు, రాజ్యాంగాన్నీ జెండానూ విమర్శించినా నేరం కాదు. అంటే విమర్శకు అడ్డు లేదు, అవమానానికే అడ్డు. ఇంకో సంగతి చూడండి. చిరిగిపోయిన, వెలిసిపోయిన జెండాను ఏం చేయాలి? గౌరవంగా, ఏకాంతంగా, వీలైతే కాల్చేయమనే 2002 ఫ్లాగ్ కోడ్ చెబుతోంది. నిప్పు అదే, గుడ్డా అదే. ఇంట్లో భక్తితో కాలిస్తే మర్యాద, రోడ్డు మీద కోపంతో కాలిస్తే నేరం. శిక్ష పడేది ఆ కోపానికే కదా!

అమెరికా సుప్రీంకోర్టు పట్టుకున్నది సరిగ్గా ఈ మెలికనే. 1984లో డాలస్‌లో రిపబ్లికన్ పార్టీ మహాసభ జరుగుతుండగా ఒక నిరసనకారుడు జెండా కాల్చాడు. టెక్సాస్ కోర్టు జైలు శిక్ష వేసింది. 1989లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో అతని పక్షాన నిలిచింది. మెజారిటీ తీర్పు రాసింది ఉదారవాదిగా పేరున్న జస్టిస్ బ్రెనన్. ఆయనతో చేయి కలిపిన వాళ్లలో కరడుగట్టిన సంప్రదాయవాది జస్టిస్ స్కాలియా కూడా ఉన్నాడు. జెండా కాల్చేవాళ్లంటే తనకు అసహ్యమని, తన చేతిలో ఉంటే జైల్లో వేసేవాడినని ఆయన తర్వాత బాహాటంగానే చెప్పాడు. అయినా ఓటు అటే వేశాడు. నన్ను బాగా కదిలించింది ఇదే. తనకు నచ్చని పనికీ రక్షణ ఇవ్వగలిగినవాడి న్యాయాన్నే నమ్మొచ్చు. ఆ వెంటనే అక్కడి పార్లమెంటు (కాంగ్రెస్) కొత్త చట్టం తెస్తే 1990లో దాన్నీ కొట్టేశారు. 2006లో రాజ్యాంగ సవరణ ప్రయత్నం సెనేట్‌లో ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది.

అంతమాత్రాన అక్కడ అందరూ ధర్మరాజులేం కాదు. 2025 జనవరిలో ట్రంప్ గద్దెనెక్కిన రోజే, 2021లో అమెరికా పార్లమెంటు భవనం క్యాపిటల్ మీద జరిగిన దాడి కేసుల్లో సుమారు 1,500 మందికి క్షమాభిక్ష పెట్టాడు. అందులో పోలీసులను జెండా కర్రతో కొట్టినవాళ్లూ ఉన్నారు. అదే ఏడాది ఆగస్టులో, జెండా కాల్చేవాళ్ల మీద వీలైన కేసులన్నీ పెట్టమని ఆదేశం ఇచ్చాడు. జెండాతో మనిషిని కొడితే క్షమాపణ, మనిషిని ముట్టకుండా జెండా కాలిస్తే కేసు!

జెండా కాలిస్తే శిక్ష ఉండాల్సిందే అనేవాళ్లకీ ఒక ప్రశ్న ఉంది. 2019లో అయొవా రాష్ట్రంలో ఒకడు చర్చి దగ్గర ఎగురుతున్న ఇంద్రధనుస్సు జెండాను (స్వలింగ సంపర్కుల హక్కులకు గుర్తు అది) లాక్కెళ్లి కాలిస్తే పదిహేనేళ్లకు పైగా శిక్ష పడింది. దేశం జెండాకు లేని రక్షణ దానికెందుకని వాళ్లు అడుగుతారు. ఆ జెండా అతనిది కాదు, ఎత్తుకొచ్చింది. పాత నేరాల చరిత్ర ఉండటంతో శిక్ష పెరిగింది. తేడా అక్కడుంది. అయినా అన్నేళ్లా అంటే నాకూ ఎక్కువే అనిపిస్తుంది.

డెన్మార్క్‌ది మూడో దారి: తమ జెండా కాలిస్తే పట్టించుకోరు, పరాయి దేశాల జెండా కాలిస్తే కేసు. దౌత్యం కోసం పెట్టుకున్న ఏర్పాటు అది, మనకు పనికొచ్చే పాఠం పెద్దగా లేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. 2013 అక్టోబర్‌లో కేంద్ర కేబినెట్ తెలంగాణకు ఒప్పుకోగానే విజయనగరం అట్టుడికిపోయింది. ఆస్తుల మీద దాడులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. అప్పుడు మనలో ఎంతమంది దాన్ని 'ప్రజాగ్రహం' అన్నారు? అవతలివాళ్లు అదే చేస్తే 'విధ్వంసం' అంటాం. 2023 మొదట్లో రోడ్ల మీద సభలను కట్టడి చేసే జీవో నంబర్ 1ని ప్రతిపక్షాలు తగలబెట్టాయి, ఆ మే నెలలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అధికారం మారితే కాల్చినవాళ్లే సభలు, ఊరేగింపులను కట్టడి చేసే పోలీసు చట్టం సెక్షన్ 30 కింద నోటీసులు పంపుతారు, నోటీసులు పంపినవాళ్లు అగ్గిపెట్టె పట్టుకుంటారు.

జెండా గౌరవంలోనూ ఇదే తంతు. చేత్తో వడికిన ఖాదీయే జెండాకు ప్రాణమని దశాబ్దాల పాటు చెప్పి, 2021 డిసెంబర్ 30న మిషన్ మీద నేసిన పాలిస్టర్‌కూ తలుపు తీశారు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి నూలు వడికే పొందూరు మన శ్రీకాకుళం జిల్లాలో ఉంది కాబట్టి ఈ మాట అనకుండా ఉండలేను.

మన చట్టం వైపు బలమైన వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయను. సిక్కోలు పల్లెల నుంచి మిలటరీకి వెళ్లిన కుర్రాళ్లు ఎందరో. జెండా కప్పిన పెట్టెలో కొడుకు ఇంటికొస్తే ఆ తల్లికి అది వట్టి గుడ్డ ఎలా అవుతుంది? ఆమె కళ్లముందు దాన్ని కాల్చడం క్రూరత్వం. కానీ మనసు నొచ్చుకోవడాన్నే నేరానికి కొలతగా పెడితే, ఎవరి మనసు లెక్కలోకి వస్తుందో తేల్చేది స్టేషన్‌లో ఎస్సై, ఆయన వెనకున్న ఎమ్మెల్యే. ఎవరి సొత్తు, ఎవరికి ప్రమాదం అన్నవి కొలతలైతే, ఏ పార్టీ రంగుకైనా ఒకటే లెక్క. అందుకే చట్టం వరకు నా ఓటు అమెరికా దారికే. తన డబ్బుతో కొన్న జెండా, ఎవరికీ ముప్పు లేనిచోట కాల్చినవాణ్ణి ఛీ కొడదాం, జైలు వద్దు. పార్లమెంటు ఆ శిక్షను తీసేయాలి.

ఇది చట్టం మారాలన్న మాట. ఈరోజు రోడ్డెక్కే కుర్రాడు ఏది కాల్చాలని అడిగితే మాత్రం జెండా వద్దనే చెబుతాను. కేసు భయంతో కాదు. జూట్ మిల్లు బకాయిల కోసం ధర్నాకు వచ్చి జెండా కాలిస్తే మర్నాటి నుంచి ఊరంతా జెండా గురించే మాట్లాడుతుంది, బకాయిల ఊసు ఎత్తేవాడుండడు. దిష్టిబొమ్మతో నాయకుడి మీద కసి తీరుతుంది, అంతవరకే. జీవో కాపీ మేలు. దాని మీద నంబరుంటుంది, తేదీ ఉంటుంది. చూసినవాడు అందులో ఏముందని అడుగుతాడు, అప్పుడు కూర్చోబెట్టి చెప్పొచ్చు.